నదుల పునరుద్ధరణకు ప్రజాధనం: ట్రాలీ, ఐర్లండ్

ఐర్లండ్ నైరుతి మూలన కెర్రీ కౌంటీకి ముఖ్యపట్టణం ట్రాలీ. నీటిదారి బాగుకు డబ్బు ఎవరు పెట్టాలన్న వాదం ఇక్కడ రెండు శతాబ్దాల నాటిది. లీ నది సముద్రంలో కలిసేచోట మేట వేసి, పెద్ద ఓడలు బ్లెనర్‌విల్ రేవుకు రాలేకపోయేవి. వర్తకులు పట్టుబట్టగా 1829లో పార్లమెంటు కాలువకు అనుమతించింది. 1832లో తవ్వకం మొదలై, సొమ్ము చాలక ఆగుతూ సాగి, మహాక్షామం నడుమ 1846లో పూర్తయింది. పొడవు సుమారు 3 కిలోమీటర్లు. రేవును చెరిచిన పూడిక కాలువనూ వదల్లేదు. ఫెనిట్‌లో లోతైన రేవు కట్టి, 1887లో రైలు కలిపాక ఓడలు అటే వెళ్లాయి. 1951లో కాలువ మూతపడింది. 1999లో ప్రభుత్వమే పూడిక తీయించి, లాకు తలుపులు బాగుచేయించే పని చేపట్టింది. సరుకు రవాణా ఆదాయం లేని కాలువకు పన్నుల సొమ్ము వెచ్చించడం సరైన నిర్ణయం.

దేశమంతటా గొడవ లేచింది మాత్రం ఇంటింటికీ నీటి బిల్లు వేసినప్పుడు. ఆర్థిక సంక్షోభంలో తీసుకున్న అంతర్జాతీయ రుణాల షరతుల్లో అదొకటి. 2014 అక్టోబరులో ఛార్జీలు మొదలవగానే జనం వీధుల్లోకి వచ్చారు. 2016లో వసూలు ఆగింది, 2017లో చట్టం చేసి కట్టినవారికి డబ్బు వెనక్కిచ్చారు. ఈ నిరసనను నదులపై నిర్లక్ష్యంగా చూడకూడదు. పన్నుల్లో ఇప్పటికే కడుతున్నామన్న కోపం, నీరు ప్రైవేటు చేతుల్లోకి పోతుందన్న భయం ఆ ఊరేగింపుల్లో ఉన్నాయి. బోయిన్ నదీ పరీవాహకంలో ఆర్థికవేత్తలు జరిపి 2012లో ప్రచురించిన సర్వేలో, నది బాగుపడితే అందుకు కొంత చెల్లించడానికి జనం సుముఖత చూపారు.

అవసరమూ పెద్దదే. 2016–2021 నాటి అంచనాలో ఐర్లండ్ నదులు, సరస్సులు, తీరజలాల్లో సంతృప్తికరంగా తేలినవి 54 శాతమే. పొలాల నుంచి వచ్చే నత్రజని, భాస్వరం, ఊళ్ల మురుగు ప్రధాన కారణాలు.

కెర్రీలో మంచినీటి ముత్యపు చిప్పల కోసం జరిగిన పని ప్రత్యేకంగా చెప్పుకోదగినది. నూరేళ్లకు పైగా బతకగల ఈ జీవి పిల్లలు నది అడుగున గులకరాళ్ల మధ్య పెరుగుతాయి. ఒండ్రు కప్పేస్తే ఊపిరాడక చస్తాయి. కారా, బ్లాక్‌వాటర్ నదుల ఒడ్డు రైతులతో కలిసి 2014లో మొదలైన కెర్రీలైఫ్ పథకానికి ఐరోపా సమాఖ్య నిధులు అందాయి. నదికి మేలు చేసే పనులకు రైతుకే డబ్బు దక్కింది. నది బాగును రైతు నష్టంగా చూడని పద్ధతి ఇది.

2018 నుంచి నీటి బాగు పనుల కోసం స్థానిక బృందాలకు చిన్న గ్రాంట్లూ అందుతున్నాయి. 2024లో అమల్లోకి వచ్చిన ఐరోపా ప్రకృతి పునరుద్ధరణ చట్టం, 2030 నాటికి సమాఖ్య అంతటా 25,000 కిలోమీటర్ల నదులను అడ్డుల్లేకుండా పారించాలని లక్ష్యం పెట్టింది. అందుకు జాతీయ ప్రణాళిక రాయాల్సిన బాధ్యత సభ్య దేశంగా ఐర్లండ్‌పైనా ఉంది.