కాఫీ హోటలు - పత్రికా పఠనము

రజతోత్సవ సంచికకు మన ప్రాంతపు చదువరులను గూర్చి వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది గ్రంథాలయము కాదు, కాఫీ హోటలు. పెద్దలు నవ్వుకొందురేమో! కాని కర్నూలు, కడప జిల్లాల మెట్ట గ్రామములు పెక్కింటికి పుస్తకముల బీరువాకంటె ముందు పత్రిక వచ్చినది. అది వచ్చి చేరినది బస్సు నిలుచు చోటనున్న హోటలుకే.

పూర్వము ఈ దారిలో హోటలనునది లేదు. 1830లో మదరాసునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కడప, దువ్వూరు, అహోబిలము మీదుగా శ్రీశైలమునకు పోయిరి. ఏ మజిలీలో దిగుటకు వసతి గలదో, ఏ ఊర అంగళ్లున్నవో 1838లో అచ్చయిన తమ 'కాశీయాత్ర చరిత్ర'లో శ్రద్ధగా వ్రాసిపెట్టిరి. బాటసారి సత్రమున దిగి, సామగ్రి కొని, తన వంట తాను చూచుకొనవలసిన కాలమది. పట్టణములలో పూటకూళ్ల ఇండ్లుండినను, అవియు కులమునుబట్టియే నడచెను. రైలు, బస్సు, కాఫీ వచ్చిన పిమ్మట హోటళ్లు వెలసెను గాని, వానిలో సయితము పెక్కింట చాలకాలము బ్రాహ్మణులకు వేరు గది యుండెను.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని అయ్యెను. కచేరీలు కొన్ని గుడారములలో నడచెను. మా పినతండ్రిగారు అప్పుడచ్చట గుమాస్తా. ఉదయము ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినుచు, కాఫీ చల్లారువరకు పత్రిక చదువుట అచ్చటనే నేర్చితినని చెప్పుచుండెడివారు. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయెను. పినతండ్రిగారికి కాఫీయు పత్రికయు మిగిలెను.

మా ఊరి హోటలు బోదకప్పుతో నుండెడిది. బల్లలన్నియు నాపరాళ్లే. వేసవిలో వానిపై కూర్చున్నచో లేవబుద్ధి పుట్టదు. కారపు దోశపై పప్పుల పొడి చల్లి ఇచ్చెడివారు. పత్రిక మదరాసునుండి రైలులో కడపకు వచ్చి, అటనుండి బస్సుపై మాకు చేరుసరికి నిన్నటి వార్త నేటి సాయంకాలపు వార్త యగుచుండెను. కొన్నవాడు ఒక్కడు, చదివెడివాడు ఒక్కడు, వినెడివారు ముప్పదిమంది. పంతులుగారు చదువుచుండగా రైతులు నడుమ నడుమ ఆపి, వేరుసెనగ ధర మరల చదివించుకొనెడివారు. పాత పత్రికలు బజ్జీల పొట్లములయ్యెడివి. నూనె మరకల నడుమ ఒక ధారావాహిక నవలను నేను అట్లే తునుకలు తునుకలుగా చదివితిని. దాని ముగింపు నాకు నేటికిని తెలియదు.

గ్రంథాలయములు లేవా యని అడుగవచ్చును. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో బెజవాడలో వెలసెను. ఆ ఉద్యమమునకు పెద్ద దిక్కయిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో కర్నూలులో పుట్టినవారే. వారు కాలధర్మము చెందిన 1960లోనే ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనము వచ్చెను. అయినను మా ఊరికి పుస్తకము వచ్చుటకు ఇంకను బహుకాలము పట్టెను. అందాక హోటలే మాకు పఠనమందిరము.

ఆ మందిరమునకు ఒక గడప యుండెను. అప్పుడు హరిజనవాడ యని పిలువబడు పేటవారు లోనికి రారాదు. వారి గ్లాసులు వేరుగా చూరులో చెక్కి యుండెను. తాగినవారే కడిగి మరల చెక్కవలెను. అంగళ్లలో, హోటళ్లలో ఇట్టి నిషేధము కూడదని 1950నాటి రాజ్యాంగము పేర్కొని చెప్పెను. 1955 శాసనము దానిని శిక్షార్హమైన నేరముగా చేసెను. ఆ వార్తలు మా పత్రికలోను అచ్చయియే యుండును. మా హోటలు గడప మాత్రము దాటలేదు.

1962 అక్టోబరులో చీనాతో యుద్ధము వచ్చెను. నాకప్పుడు పదియేండ్లు. ఒకనాడు పత్రిక వచ్చెను గాని పంతులుగారు ఊర లేరు. లోపలనున్నవారికి కూడబలుకుకొని చదువుటయే గాని ధారాళముగా చదువుట రాదు. బయట వేపచెట్టు క్రింద ఆ పేట కుర్రవాడొకడు నిలిచియుండెను; ఉన్నత పాఠశాలలో చదువుచుండెను. ఎవరో పత్రికను అతనికి అందించిరి. అతడు గడప అవతల నిలిచి, లోపలివారికి వినబడునట్లు గొంతెత్తి చదివెను. తవాంగు వంటి ఎరుగని పేర్లను సయితము తడబడక చదివెను. అరగంట గడచెను. అందరును మెచ్చుకొనిరి. హోటలు యజమాని డబ్బు పుచ్చుకొనక అతనికి టీ ఇచ్చెను, చూరులోని గ్లాసులోనే. నేను మా నాయనగారి ప్రక్కన నాపరాతిపై కూర్చుండి చూచితిని. నాకది వింతగా తోచలేదు. ఇన్నేండ్ల తరువాత నన్ను బాధించునది ఆ తోచకపోవుటయే.

అతడు పెరిగి ఉపాధ్యాయుడై వేరు తాలూకాలో పనిచేసెను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు హోటలు పోయెను. దాని నాపరాతి బల్ల యొకటి తెచ్చి మన గ్రంథాలయపు వసారాలో వేసితిమి. ఇరువదియైదేండ్ల క్రిందట గ్రంథాలయము తెరచిన వారములో ఆయన ఊరికి వచ్చిరి. వసారాలో చల్లగా నుండునని, ఆ బల్లపై కూర్చుండుమని నేనంటిని. ఆయన దానివంక ఒక్కమారు చూచి, లోనికి పోయి, పంకా క్రింద కుర్చీ లాగుకొని, పత్రిక విప్పి, గంటసేపు తనలో తాను చదువుకొనిరి.