సమాధి రాయి, జనగణన పత్రం

జంషెడ్‌పూర్ నుండి రాంచీకి పోయే రహదారికి ఎడంగా, సోనాహాతు ప్రాంతంలో చోకాహాతు అనే ముండా గ్రామం ఉన్నది. అక్కడ సుమారు 7 ఎకరాల నేలలో 7,000కు పైగా సమాధి రాళ్లున్నాయని 1873లో డాల్టన్ అనే బ్రిటిష్ అధికారి నమోదు చేశాడు. చనిపోయినవారి అస్థికలను వంశానికి చెందిన బండ క్రింద ఉంచే ఆచారం ముండా, హో ప్రజలలో నేటికీ ఉన్నది. ఆ రాతిని ససన్‌దిరి అంటారు. పితరుల నెలవైన ఆ రాయి నేలపై తమ హక్కుకు సాక్ష్యమని కూడా వారి విశ్వాసం. కాగితపు పట్టాలు అడిగిన ప్రభుత్వాలకు ఈ సంగతి ఏనాడూ రుచించలేదు.

మనిషికి ముందటి మానవజాతులకు మతం ఉండేదా అన్న ప్రశ్న కూడా చివరకు సమాధుల దగ్గరికే చేరుతుంది. ప్రార్థన శిలాజంగా మిగలదు, పాట మిగలదు, ఎముకలు మాత్రమే మిగులుతాయి. ఇరాక్‌లోని షానిదార్ గుహలో ఒక నియాండర్తల్ అస్థిపంజరం వద్ద పుప్పొడి దొరికినప్పుడు, మృతునికి పూలు సమర్పించారని లోకం మురిసిపోయింది. ఆ పుప్పొడిని నేలలో గూడు కట్టే తేనెటీగలో, ఎలుక జాతి జీవులో తెచ్చి ఉండవచ్చని తరువాతి పరిశోధకులు అన్నారు. దక్షిణాఫ్రికాలోని రైజింగ్ స్టార్ గుహలో 2013లో బయటపడిన హోమో నలేడి కథ మరింత చిక్కైనది. మన మెదడులో మూడో వంతు మెదడుతో, రెండున్నర లక్షల ఏళ్లకు పైబడిన కాలంలో జీవించిన ఆ జాతి తన మృతులను పూడ్చిపెట్టిందని లీ బెర్గర్ బృందం 2023లో ప్రకటించింది. ఆధారాలు చాలవని సమీక్షకులు అన్నారు. బృందం 2025లో మరిన్ని వివరాలను ముందుంచినా వివాదం సమసిపోలేదు.

భారతదేశంలో అంత వాదానికి కూడా తావు లేదు. 1982లో నర్మదా తీరాన హథ్నోరాలో అరుణ్ సోనాకియా కనుగొన్నది కపాలభాగం మాత్రమే. సింహభూమ్‌లో రాతి పనిముట్లు దొరికాయి గాని వాటిని చెక్కిన చేతుల జాడ తెలియదు.

పూడ్చిపెట్టినంత మాత్రాన మతం ఉన్నట్లు కాదు. చనిపోయిన పిల్లను వారాల తరబడి మోసే చింపాంజీ తల్లిలో దుఃఖం ఉన్నది, దానిని మతమని ఎవరూ అనరు. అయితే దుఃఖం ఎక్కడ ముగిసి మతం ఎక్కడ మొదలవుతుందో తేల్చే కొలబద్ద ఎవరిది? గ్రంథం, ఆలయం, ప్రవక్త ఉంటేనే మతమన్న కొలబద్దతో చూస్తే నలేడికే కాదు, చోకాహాతుకూ మతం లేనట్లే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆదివాసులను ఆదిమ మానవుని సజీవ నమూనాలుగా చూపిన వలస పాలకుల రాతలు నేటికీ పాఠ్యపుస్తకాల నీడల్లో తిరుగుతున్నాయి. అది శుద్ధ అబద్ధం. ముండా రైతు కూడా జంషెడ్‌పూర్ ఉక్కు కార్మికునిలాగే ఈనాటి మనిషి, ఈ దేశపు ఓటరు.

అయినా జనగణన పత్రంలో అతని మతానికి గడి లేదు. బ్రిటిష్ కాలపు లెక్కల్లో గిరిజన మతాలకు ఏదో ఒక పేరుతో ఉండిన ప్రత్యేక స్థానం 1951లో పోయింది. 2011లో దాదాపు 50 లక్షల మంది ‘ఇతరులు’ అన్న శీర్షిక క్రింద సర్నా అని స్వయంగా వ్రాయించుకున్నారు. సర్నా కోడ్ కావాలని జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరు 11న ఏకగ్రీవంగా తీర్మానించి కేంద్రానికి పంపింది.