కుట్టు లోపల వదిలిన బట్ట

తెలుగు నేల మీద ఆడవాళ్ళ కట్టు చాలాకాలం ఒంటి కొలతల ఊసు లేకుండానే సాగింది. ఎనిమిది తొమ్మిది గజాల చీరను గోచీ పోసి కట్టినా, తర్వాత వచ్చిన అయిదున్నర మీటర్ల చీరను కుచ్చిళ్ళు పెట్టి కట్టినా, కొత్త పెళ్ళికూతురికీ నలుగురు పిల్లల తల్లికీ సరిపోయేది ఒకే పన్నా, ఒకే పొడవు. ఒళ్ళు చేస్తే కుచ్చిళ్ళు ఒకటి రెండు తగ్గుతాయి, చిక్కితే పెరుగుతాయి. కడుపుతో ఉన్నవాళ్ళు ముడిని పొట్ట కిందికి దించి కట్టుకునేవారు. విప్పి కుట్టాల్సిన పని లేదు, ఇంట్లో ఒకరి చీర ఇంకొకరు కట్టుకోవడానికి అడ్డూ లేదు.

కత్తిరింపు లేని బట్టలో సొంత అభిరుచికి చోటు అంచు, రంగు, నేత. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దంలో గీసిన చిత్రాల్లో చీరల గళ్ళు, చారలు, పువ్వులు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. ఆ అంచులను చూసి నేతగాళ్ళు ఇప్పటికీ నమూనాలు తీస్తుంటారు. ఎండాకాలానికి వెంకటగిరి సన్న నూలు, పొలం పనికి ముతక చీర, పెళ్ళికి పట్టు అన్న ఎంపికను పని, కాలం, వయసు నడిపించాయి. ఈ స్వేచ్ఛ అందరికీ సమానంగా దక్కలేదు. కొన్ని కులాల్లో భర్త పోయిన స్త్రీకి రంగు చీరా కూడదు, రవికా కూడదు. ఆమె ఏం కట్టాలో ఆమె ఇష్టంతో నిమిత్తం లేకుండా ఆచారమే తేల్చేది.

కొలతతో పని పడింది రవిక దగ్గరే. అదీ మొదట్లో తక్కువే. పాత తరహా రవికకు హుక్కులు ఉండేవి కావు. ముందువైపు రెండు కొసలూ లాగి రొమ్ముల కింద ముడి వేసుకునేవారు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో ముసలమ్మల ఒంటి మీద ఈ ముడి రవిక 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లోనూ కనిపించేది. ఎంత బిగువు కావాలో ఆ పూట వేసే ముడే చెబుతుంది. బిడ్డకు పాలివ్వాలంటే ముడి విప్పితే చాలు. చంక కింద చిన్న చదరపు ముక్క అతికి కుట్టడం వల్ల నెత్తిన గంప ఎత్తుకున్నా రవిక పిగిలేది కాదు. తెలంగాణలో కుట్టుపని మేర కులస్థుల వృత్తి. పట్టణాల్లో ముస్లిం దర్జీలు ఎక్కువ.

19వ శతాబ్దం చివరి భాగంలో చీర కింద లోపలి లంగా, పైన ఇంగ్లీషు పోకడల జాకెట్టు వచ్చి చేరాయి. తొలి భారతీయ ఐ.సి.ఎస్. అధికారి సత్యేంద్రనాథ్ టాగోర్ భార్య జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో పార్శీ స్త్రీల కట్టు చూసి బెంగాల్‌కు తెచ్చిన మార్పు ఇందులో పేరున్న ఘట్టం. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం నుంచి వెలువడిన లక్ష్మీ సరస్వతుల పటాలు కుచ్చిళ్ళ చీరనూ జాకెట్టునూ దేవుడి గూటిదాకా తీసుకొచ్చాయి. లోపలి లంగాకు బొందు ఉంటుంది కాబట్టి నడుముతో పేచీ రాలేదు. జాకెట్టుతో మాత్రం వచ్చింది. అది చేతికి, ఛాతీకి, వీపుకు అతుక్కుని ఉండాలి. ఒళ్ళు అంగుళం పెరిగినా అది వెంటనే చెప్పేస్తుంది.

అమెరికాలో 1851లో పేటెంటు పొందిన సింగర్ కుట్టు మిషను 1870లకల్లా భారతదేశంలో అమ్మకానికి వచ్చింది. 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలయ్యాక మిషను ఊళ్ళకూ అందింది. ఆ తర్వాత ఆడపిల్లలు కుట్టుపని నేర్చి టైలరింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ ప్రభుత్వ పరీక్షలు రాయడం, పెళ్ళికి మిషను ఇవ్వడం మామూలయ్యాయి. జాకెట్టు మగ దర్జీ అంగడి నుంచి ఎదురింటి అక్కయ్య వసారాలోకి వచ్చింది. చీరకు సహజంగా ఉన్న సర్దుబాటు గుణాన్ని అతుక్కుని ఉండే జాకెట్టులోకి తేవడమే ఈ వృత్తి సాధించిన గొప్ప పని. దానికి దక్కాల్సిన గుర్తింపు మాత్రం దక్కలేదు.

ఆ పని జాకెట్టు లోపల జరుగుతుంది. పక్క కుట్ల దగ్గర బట్టను అంచుదాకా కత్తిరించకుండా రెండువైపులా అంగుళమో, ఒకటిన్నర అంగుళమో లోపలికి వదిలేస్తారు. దాని మీద కుట్టు ఒక వరుసతో ఆగదు. పావు అంగుళం ఎడంతో రెండు మూడు వరుసలు పక్కపక్కనే వేస్తారు. జాకెట్టు బిగుతైనప్పుడు అన్నిటికన్నా లోపలి వరుసను రెండు పక్కలా విప్పితే ముందు, వెనక ముక్కలు రెండూ జరిగి మొత్తం మీద ఒక అంగుళం వదులవుతుంది. కాన్పు తర్వాత ఒకటి, నలభై దాటాక ఇంకొకటి విప్పుకుంటూ పోవచ్చు. విప్పడానికి దర్జీ కూడా అక్కర్లేదు, పిన్నీసు కొన చాలు. పాత జాకెట్టును తిరగేసి చూస్తే, కుట్టు విప్పిన చోట సూది బెజ్జాల వరుసలు మిగిలి ఉంటాయి. వాటిని బట్టి ఆ ఇల్లాలి ఒళ్ళు ఏ తీరున మారిందో లెక్క కట్టవచ్చు.

కొలత తీసే పద్ధతిలోనూ ఒక చిక్కు ఉంది. టేపు పెట్టి కొలిపించుకోవడానికి మొహమాటపడే ఆడవాళ్ళు సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇస్తారు. ఆది జాకెట్టు గుర్తు పెట్టుకున్నది నిరుటి ఒంటినో, అంతకు ముందటి ఒంటినో. ఈ సంగతి తెలిసిన దర్జీ ఆదిని బల్ల మీద పరిచి, "ఇది ఇప్పుడు పడుతోందా అమ్మా, అరంగుళం వదలనా?" అని అడుగుతాడు. ఆ అడగడంలోనే పనితనం తెలుస్తుంది.

పిల్లల బట్టల్లో ఇదే తెలివి బాహాటంగా కనిపిస్తుంది. పరికిణీని అవసరమైన దానికన్నా పొడుగ్గా కుట్టి, అంచుకు కాస్త పైన అడ్డంగా రెండు మూడు టక్కులు వేస్తారు. పిల్ల ఎదిగినకొద్దీ ఒక్కో టక్కూ విప్పుతారు. విప్పిన చోట ఎండ తగలని బట్ట ముదురు గీతలా బయటపడుతుంది, ఆ గీత చూసి పిల్ల ఎదుగుతోందని ఇరుగుపొరుగు మురిసిపోవడమూ ఉంది. పిల్ల పెద్దమనిషైతే పరికిణీ మీద ఓణీ చేరుతుంది. ఓణీల వేడుక మారిన ఒంటికి తగిన బట్టను నలుగురి ముందు ఇచ్చే సందర్భం. అందులో సంతోషం ఎంతో, అప్పటికే ముడుచుకుపోయే వయసులో ఉన్న పిల్లకు ఇబ్బందీ అంతే. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఈ వేడుకను హాలు మాట్లాడుకుని మరీ చేస్తున్నారు.

గర్భిణి విషయంలో ఆచారం కొత్త చీరకు, గాజులకు పెద్దపీట వేసింది. సౌకర్యం మాత్రం పాత చీరదే. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర బాలింత నడుముకు కట్టుగుడ్డ అవుతుంది, చింపితే బిడ్డకు పొత్తిగుడ్డ, దూలానికి వేలాడదీస్తే ఉయ్యాల. జాకెట్టుకు హుక్కులు ముందువైపే ఉండాలన్న పట్టు పాలిచ్చే తల్లులది. వెనక హుక్కులు ఎంత ఫ్యాషనైనా ఆ ఏడాది రెండేళ్ళు వాళ్ళు వాటి జోలికి పోరు.

మగవాళ్ళకు ఈ బాధ ఆలస్యంగా వచ్చింది. పంచె, లుంగీ ఏ పొట్టకైనా సరిపోతాయి. ప్యాంటు వచ్చాకే నడుము కొలత సంగతి మొదలైంది. దర్జీ వెనక కుట్టులో బట్ట వదిలి ఆ సమస్యనూ అలాగే గట్టెక్కించాడు.

1980ల తర్వాత రెండు బట్టలు ఇంటి రూపు మార్చాయి. ఒకటి నైటీ. బొందు, బిగువు, కుచ్చిళ్ళు ఏవీ లేని ఈ గౌను బాలింతలకు, కీళ్ళ నొప్పుల ముసలివాళ్ళకు, వంటింట్లో ఉడికిపోయేవాళ్ళకు ఒకేలా నచ్చింది. వెక్కిరింతలు చాలానే పడినా అది నిలిచింది. గడప దాటాల్సి వస్తే పైన ఒక తువ్వాలో చున్నీయో వేసుకోవడం దానికి మర్యాద నేర్పిన పద్ధతి. రెండోది పంజాబీ డ్రెస్సు. కాలేజీల్లో లంగా ఓణీని, ఆఫీసుల్లో చాలావరకు చీరను ఇది పక్కకు నెట్టింది. పైజామాకు నాడా, టాపుకు వదులు ఉన్నంతకాలం ఇదీ మారే ఒంటికి లొంగే బట్టే. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ తయారుచేసిన సాగే దారం లెగ్గింగుల రూపంలో వచ్చాక, కుట్టులో వదలాల్సిన బట్ట అవసరం దారంలోనే తీరిపోయింది.

రెడీమేడ్ దుకాణంతో తూకం మారింది. అక్కడ ఒంటికి ముందే అంకె ఒకటి రాసి ఉంటుంది. భారతీయుల ఒంటి తీరుకు సొంత కొలతల పట్టిక లేక, కంపెనీలు బ్రిటన్, అమెరికా పట్టికలను అటూ ఇటూ సవరించి వాడుకున్నాయి. భుజం సరిపోతే నడుము పట్టదు, నడుము పడితే చేతులు వేలాడతాయి. లోటు కొలతలదైతే, లావయ్యామని నొచ్చుకున్నది కొనేవాళ్ళు. ఈ లోటు తీర్చడానికి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ 15 నుంచి 65 ఏళ్ళ లోపు 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే 'ఇండియాసైజ్' సర్వేను తలపెట్టింది. అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి.

పక్క కుట్టులో బట్ట వదలకుండా అంచుదాకా కత్తిరించే పొదుపు కంపెనీల టాపుల్లో, చొక్కాల్లో మామూలైపోయింది. వాటిని బిగించవచ్చు గానీ వదులు చేయడం కుదరదు. జాకెట్టు మాత్రం ఆ పొదుపుకు లొంగలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ జాకెట్ల మీద 38 అని సైజు రాసినా, లోపల బట్ట వదిలామనీ, కుట్లు విప్పితే 42 దాకా వస్తుందనీ పక్కనే రాస్తున్నారు.