ఊపిరి లెక్క

చాలా ఏళ్ళ క్రితం మా పెదనాన్నగారికి పక్షవాతం వచ్చింది. రెండవ రాత్రి ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నేను కూర్చున్నాను. ఆయన ఊపిరి మెల్లమెల్లగా పెరిగి, ఆయాసంగా మారి, మళ్ళీ సన్నగిల్లి, పూర్తిగా ఆగిపోయింది. నేను కంగారుపడి లేచేలోగా మళ్ళీ మొదలయింది. చేతిగడియారం చూస్తూ లెక్కపెట్టాను. ఆగినది ఇంచుమించు 15 సెకన్లు. మంచం కాళ్ళ వద్ద వేలాడుతున్న చార్టులో మాత్రం ఊపిరి గడిలో ప్రతిసారీ ఒకటే అంకె: 20. నర్సును తప్పుపట్టలేను. ఆ రాత్రి అంత పెద్ద వార్డుకూ ఆమె ఒక్కతే.

ఆ పావు నిమిషపు మౌనాన్ని నాకన్నా చాలా ముందే ఒకాయన గడియారం పట్టి కొలిచాడని తరువాత చదువుకున్నాను. ఆయన పేరు జాన్ చెయిన్. స్కాట్లండులో పుట్టి డబ్లిన్‌లో స్థిరపడిన వైద్యుడు. 1818లో, పక్షవాతంతో పడిపోయిన అరవై యేళ్ళ రోగి ఒకరి కథను ఆయన డబ్లిన్ ఆసుపత్రుల నివేదికలలో ప్రచురించాడు. రోగి శ్వాస పావు నిమిషం సేపు పూర్తిగా నిలిచిపోయేదనీ, పిదప వినీ వినపడనట్లు మొదలై, క్రమంగా పెరిగి, వేగం పుంజుకొని, తిరిగి క్రమంగా అణగిపోయేదనీ, ఈ ఆవృత్తికి ఒక నిమిషం పట్టేదనీ, ఆ నిమిషంలో ముప్పై ఉచ్ఛ్వాసాలు ఉండేవనీ వ్రాశాడు. అప్పటికి లెనెక్ స్టెతస్కోపు గ్రంథం ఇంకా వెలువడలేదు. అది 1819 నాటి మాట. చెయిన్ దగ్గర ఉన్న పరికరాలల్లా కన్నూ, చెవీ, గడియారమూను.

1854లో అదే డబ్లిన్ వైద్యుడు విలియం స్టోక్స్ గుండెజబ్బుల మీద వ్రాసిన గ్రంథంలో ఈ లక్షణాన్ని మళ్ళీ వర్ణించాడు. ఇద్దరి పేర్లూ కలిసి చెయిన్-స్టోక్స్ శ్వాస అయింది. స్టోక్స్ దీనిని కొవ్వు పట్టిన గుండెకు గుర్తు అనుకున్నాడు. నిజానికి గుండె, మెదడు రెండింటికీ ఇందులో వాటా ఉంది. మేడమీద నీళ్ళ ట్యాంకు నిండిందన్న కేక కింద మోటారు దగ్గర ఉన్నవాడికి ఆలస్యంగా వినబడిందనుకోండి. వాడు ఆపేలోగా నీళ్ళు పొర్లిపోతాయి. ట్యాంకు అడుగంటిందన్న కేకా ఆలస్యంగానే చేరుతుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో మెదడుకు చెప్పే వార్త ఆలస్యమైనా, ఆ వార్తకు మెదడు అవసరానికి మించి స్పందించినా, ఊపిరి ఇలాగే పొర్లుతూ అడుగంటుతూ సాగుతుంది.

*

ఇక్కడ నాకు తోచిన ఒక సందేహం. నాడిని కొలవడానికి ఫ్లాయర్ 1707లోనే ప్రత్యేకమైన గడియారం చేయించాడు. రక్తపు పోటుకు రివా-రోచి 1896లో చేతిపట్టీ కట్టాడు. జ్వరానికి థర్మామీటరు ఇంటింటికీ వచ్చింది. మరి ఊపిరికి మంచం పక్కన చిరకాలం పరికరం ఎందుకు లేకపోయింది?

ప్రయత్నం లేక కాదు. 1847లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ తిరిగే డోలు మీద పొగచూరిన కాగితం చుట్టి, శరీరపు కదలికలు తమంత తామే గీతలుగా పడే యంత్రాన్ని చేశాడు. 1860ల్లో ఫ్రాన్సులో ఎతియెన్ జూల్ మారే దానికి ఊపిరిని జత చేశాడు. ఛాతీచుట్టూ సాగే గొట్టం ఒకటి కట్టి, అందులోని గాలి ఒత్తిడిని రబ్బరు నాళం ద్వారా సన్నని పుల్లకు చేరవేశాడు. మనిషి ఊపిరి తీస్తే పుల్ల కదిలేది, కాగితం మీద అల పడేది. ఒంటికి కట్టుకొనే శ్వాసయంత్రాలకు మూలపురుషుడు ఈ మారేయే అని నా అభిప్రాయం. అయితే ఆ డోలు బల్లమీద ఉండవలసినదే. అది ప్రయోగశాలకు సరిపోయింది గాని, వార్డులోకి రాలేదు.

ఈ కథలో మన హైదరాబాదుకూ ఒక పుట ఉంది. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతి. ఆ పాఠశాలే పిమ్మట ఉస్మానియా వైద్య కళాశాల అయింది. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడిని కాదు, ఊపిరిని చూడాలన్నది ఆయన పట్టుదల. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆదరణతో 1888లోనూ, 1889లోనూ రెండు క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. రెండవదానికి లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువులపై పరీక్షించి, గుండెకన్నా ముందు ఊపిరే ఆగుతుందని తేల్చారు. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు, తేలికపాటి మత్తులో గుండె హఠాత్తుగా లయతప్పి కూడా ఆగగలదని పిల్లులలో నిరూపించాడు. లారీ మాట సగమే నిజమయింది. ఊపిరిని చూడమన్నంతవరకు సరే, ఊపిరిని మాత్రమే చూడమనడం పొరబాటు.

*

ఇరవయ్యో శతాబ్దంలో విద్యుత్తు తోడయింది. ఛాతీకి అటూ ఇటూ అంటించిన బిళ్ళల మధ్య అతి స్వల్పమైన విద్యుత్తును పంపితే, గాలి నిండినప్పుడు అడ్డంకి పెరుగుతుంది, ఖాళీ అయినప్పుడు తగ్గుతుంది. 1960ల్లో అమెరికా వ్యోమగాముల శ్వాసను భూమిమీదినుండి గమనించింది ఈ కిటుకుతోనే. నేటి ఐసీయూలో తెరమీద కనబడే శ్వాసరేఖకూ సాధారణంగా ఇదే ఆధారం.

కాని పక్షవాత రోగి దగ్గర ఇది మోసపోతుంది. నాలుక, గొంతు కండరాలు పట్టుతప్పినవాడు నిద్రపోతే గొంతు మూసుకుపోవచ్చు. ఛాతీ కదులుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. యంత్రం ఆ కదలికలనూ ఊపిరులుగానే లెక్కవేస్తుంది. పక్షవాతం వచ్చినవారిలో సగానికి పైగా నిద్రలో ఇలా ఊపిరి చిక్కుబడేవారే అని అధ్యయనాలు చెబుతున్నాయంటే, ఇది చిన్న లోపం కాదు. 1967లో కొన్నో, మీడ్ అనే ఇద్దరు దీనికి దారి చూపారు. ఛాతీని, పొట్టను వేరువేరుగా కొలవాలన్నారు. దారి తెరిచి ఉంటే రెండూ కలిసి లేస్తాయి. మూసుకుపోతే ఉయ్యాలబల్లలాగా ఒకటి లేచినప్పుడు మరొకటి అణుగుతుంది. వంకరటింకర తీగ కుట్టిన రెండు నడికట్లు 1970ల చివర ఈ సూత్రం మీదనే వచ్చాయి.

జపానులో టకువో అవోయాగి 1974లో రూపకల్పన చేసిన ఆక్సీమీటరును 2020, 2021 సంవత్సరాలలో మనమందరం వేలికి తగిలించుకున్నవాళ్ళమే. అయితే ఆ అంకె ఊపిరి లెక్క కాదు. ఊపిరి ఆగిన కాసేపటికిగాని ఆ అంకె పడిపోదు. ప్రాణవాయువు పెట్టి ఉంటే ఇంకా ఆలస్యం. కొన్నవారిలో ఈ సంగతి తెలిసినవారు కొద్దిమందే.

2008లో సైతం ఆస్ట్రేలియా వైద్యపత్రికలో కొందరు వైద్యులు, వార్డులలో అందరూ నిర్లక్ష్యం చేస్తున్న ప్రాణలక్షణం శ్వాసవేగమేనని వ్రాయవలసివచ్చింది. మా పెదనాన్నగారి చార్టులోని 20 ఒక్క ఊరి రోగం కాదన్నమాట. కొలవడానికి ఒక చిక్కూ ఉంది. తనను చూస్తున్నారని తెలిస్తే చాలు, మనిషి ఊపిరి మారిపోతుంది. ఎవరూ చూడనట్లే చూడగల పరికరం కావాలి.

ఆ వైపుగా నడిచినవారిలో జాన్ రోజర్స్ ఒకరు. చర్మంతోపాటు సాగి ముడుచుకొనే పలుచని ఎలక్ట్రానిక్ పొరను ఆయన బృందం 2011లో ప్రకటించింది. 2018లో షికాగో ప్రాంతపు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుండి, అక్కడి పునరావాస ఆసుపత్రితో కలిసి, పక్షవాత రోగుల కోసం మెడకు అంటించే ఒక పట్టీని చూపించారు. అది అతుక్కొనే చోటు కంఠకూపం. మాట, మింగుడు, ఊపిరి, గుండె కొట్టుకోవడం, అన్నీ అక్కడ అదురులుగా తగులుతాయి. తీగలు లేవు. రోగి ఇంటికి పోయిన తరువాత కూడా వైద్యుడు గమనించవచ్చు. చెమటకు ఊడడం, కదలికలకు తికమకపడడం వంటి చిక్కులు ఇటువంటి పట్టీలన్నిటికీ ఉన్నవే. ఇవి ఇంకా ప్రతి వార్డుకూ చేరిన వస్తువులు కావు.

*

కంఠకూపం అన్న మాట చదివినప్పుడు నా చేయి ఆగింది. ఎందుకో చెప్పి ముగిస్తాను.

మూడవనాడు మా పెదనాన్నగారు కళ్ళు తెరిచి, సైగతో కాఫీ అడిగారు. చెంచాతో నేనే పోశాను. పొలమారలేదు. పెద్దమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మరి రెండు రోజులకు జ్వరం, ఆపైన న్యుమోనియా. ఆయన తిరిగి ఇంటికి రాలేదు.

ఆరోగ్యవంతుడు మింగేటప్పుడు ఊపిరి క్షణంపాటు ఆగి, సాధారణంగా నిశ్వాసంతో మళ్ళీ మొదలవుతుంది. పక్షవాతం ఆ పొత్తును చెడగొడుతుంది. ద్రవం ఊపిరితిత్తులలోకి జారుతుంది. కొందరిలో దగ్గు కూడా రాదు. పొలమారకపోవడం మనం అనుకునే శుభశకునం కాకపోవచ్చు. అందుకే, మింగగలరో లేదో పరీక్షించాకనే నోటికి ఏదైనా ఇవ్వాలని నేటి వైద్యనియమం. ఆనాడు ఆ మాట మాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ చెంచా కాఫీయే కారణమని ఎవరూ తేల్చలేదు, కాదనీ చెప్పలేదు.

చెయిన్ కాలంనుండి నేటివరకు పరికరాలు మారాయి. గడియారం, పొగకాగితం, బిళ్ళలు, నడికట్లు, మెడమీది పట్టీ. ఇవన్నీ చేసినది ఒక్కటే పని. రాత్రి మంచం పక్కన కూర్చున్నవాడి కన్నార్పని చూపును కాస్త పొడిగించడం. మీ ఇంట ఎప్పుడైనా ఇటువంటి రాత్రి వస్తే, రాకూడదనే కోరుకుంటాను, వస్తే మాత్రం గడియారం దగ్గర ఉంచుకోండి. ఒక నిమిషం నిండా లెక్కపెట్టండి. చెంచా ఎత్తేముందు వైద్యుణ్ణి ఒక్క మాట అడగండి.