జేగురు రాయి, గడ్డి నలుపు: ఓక్లహామా ఎర్రనేలల వర్గీకరణపై సింహావలోకనం

అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రం నడిమధ్యలో వాగు గట్టు కోసుకుపోయిన చోట మట్టి నిలువునా బయటపడుతుంది. అడుగున జేగురు రంగు, పైన ముదురు గోధుమ రంగు. అడుగు ఎరుపు రాతి సొత్తు. పాతిక కోట్ల ఏళ్లకు పూర్వం, పెర్మియన్ యుగంలో పేరుకున్న ఇసుకరాయి, ఒండ్రురాయి, షేల్ పొరల్లోని హెమటైట్ అనే ఇనుప ఖనిజం ఇచ్చిన రంగు అది. పై నలుపు గడ్డి సంపాదన. బిగ్ బ్లూస్టెమ్, లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ వంటి పొడుగు గడ్డి జాతుల వేళ్లు ఏటా కొంత చచ్చి, కుళ్లి, వేల ఏళ్లపాటు మట్టిలో కలిసిపోగా మిగిలిన రంగు. రెండు పొరల్లోనూ ఒండ్రు పాలు ఎక్కువ. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకన్నా చిన్నవి, బంకమన్ను రేణువులకన్నా పెద్దవి ఆ రేణువులు. పొడిగా ఉన్నప్పుడు వేళ్ల మధ్య నలిపితే మైదాపిండిలా జారిపోతాయి.

ఈ నేలకు ఏ గుణాన్ని పట్టుకుని పేరు పెట్టాలన్న వాదం నూటపాతికేళ్లుగా నడుస్తోంది. ఒకరు రేణువు పరిమాణాన్ని చూశారు, ఒకరు వాతావరణాన్ని చూశారు, ఇంకొకరు కొలబద్దతో పై పొర మందాన్ని కొలిచారు. ఇంత పని జరిగే లోపే ఆ పై పొర చాలాచోట్ల సగానికి సగం పోయింది. ఈ చరిత్ర చదివినప్పుడల్లా నన్ను కలచివేసేది ఇదే: కొలిచేవాళ్లు వచ్చేసరికి కొలవవలసింది కొట్టుకుపోతోంది.

సర్వేయర్లకన్నా చాలా ముందే ఈ నేలను ఎంచి చూసినవాళ్లున్నారు. వాషిటా నది వెంట విచిటా తెగవారి పూర్వీకులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించారు. అడవిదున్న భుజం ఎముకే వాళ్లకు పార. గడ్డి వేళ్లు అల్లుకుని గట్టిపడ్డ మెరక నేల ఆ పారకు లొంగదు. అందుకే ఏటి ఒడ్డున వరద తెచ్చి పోసిన మెత్తని ఎర్ర ఒండ్రును ఎంచుకున్నారు. మెరక నేల, లంక నేల అన్న ఆ తేడా నేటి సర్వే పటాల్లోనూ మొదటి గీతగా నిలిచి ఉంది.

మెరకను లొంగదీసింది ఉక్కు నాగలి. 1889 ఏప్రిల్ 22న ప్రభుత్వం వలసదారులకు తలుపులు తెరిచింది. ఆదివాసీ తెగలకని చెప్పిన ప్రాంతంలోని భూమిని వేలమంది ఒక్క పూటలో పంచుకున్నారు. ఆ తర్వాత కొద్ది దశాబ్దాల్లోనే గడ్డిబీళ్లు గోధుమ చేలు, పత్తి చేలు అయ్యాయి. 1892లో స్టిల్‌వాటర్‌ వ్యవసాయ కళాశాల ఆచార్యుడు అలెగ్జాండర్ మగ్రూడర్ ఒక చెక్కలో గోధుమ వేశాడు. కన్నె నేల ఎరువు లేకుండా ఎంత పండుతుందో చూద్దామన్నది ఆయన ఉద్దేశం. ఆ మడులు నేటికీ ఉన్నాయి, ఏటా గోధుమ వేస్తూనే ఉన్నారు. మొదట్లో మూడున్నర శాతం దాకా ఉన్న సేంద్రియ పదార్థం నూరేళ్లలో సగానికన్నా కిందికి దిగిపోయింది. గడ్డి కూడబెట్టింది నాగలి ఎంత వేగంగా ఖర్చు చేస్తుందో చెప్పే లెక్కల్లో ఇంత పాతవి గ్రేట్ ప్లెయిన్స్‌లో మరి లేవు.

అమెరికా ప్రభుత్వం నేలల సర్వే మొదలుపెట్టింది 1899లో. దాని అధిపతి మిల్టన్ విట్నీ దృష్టంతా రేణువుల పరిమాణం మీద, అవి పట్టి ఉంచే నీటి మీద. ఇసుక ఎంత, ఒండ్రు ఎంత, బంకమన్ను ఎంత అని చూసి, దానికి ఊరి పేరో వాగు పేరో తగిలించి ‘సిరీస్’ అన్నారు. ఓక్లహామా పటాల్లో వెర్నన్, కర్క్‌లాండ్, రెన్‌ఫ్రో వంటి పేర్లు అలా చేరినవే. ఈ పద్ధతిలో ఒక మేలుంది. పొలంలో నిలబడి చేత్తో తేల్చుకోవచ్చు. కానీ గడ్డి చేసిన పని ఇందులో ఎక్కడా కనబడదు. పైగా నేల తరగని ఆస్తి అన్న నమ్మకం ఆ కార్యాలయానిది. 1909లో అచ్చైన దాని బులెటిన్ ఆ మాట బాహాటంగానే చెప్పింది. అక్కడే పనిచేస్తూ నేలకోతను కళ్లారా చూసిన హ్యూ బెన్నెట్ ఆ మాటను జీవితాంతం ఖండించాడు. నా లెక్కలో ఆ బులెటిన్ చేసిన హాని చిన్నది కాదు. తరగదన్నదాన్ని కాపాడాలని ఎవరికి తోస్తుంది?

వేరే చూపు రష్యా నుంచి వచ్చింది. స్టెప్పీ గడ్డి మైదానాల నల్లనేలల మీద వసీలీ దొకుచాయెవ్ 1883లో పుస్తకం వేశాడు. రాయి, వాతావరణం, జీవజాలం, నేల వాలు, కాలం కలిసి నేలను తయారుచేస్తాయన్నాడు. ఆయన శిష్యుడు గ్లింకా రాసిన గ్రంథాన్ని జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చినవాడు అమెరికా సర్వేలోని కర్టిస్ మార్బట్. 1927లో వాషింగ్టన్‌లో తొలి అంతర్జాతీయ మృత్తికా శాస్త్ర సభ జరిగింది. సభ ముగిశాక ప్రతినిధులు రైల్లో ఖండమంతా తిరిగి గోతుల్లోకి దిగి నేలలు చూశారు. మార్బట్ నేలలన్నిటినీ రెండు పెద్ద కుప్పలు చేశాడు: సున్నం నిలిచిన పొడి ప్రాంతపు నేలలు ఒకటి, సున్నం కడుక్కుపోయి ఇనుము, అల్యూమినియం మిగిలిన తడి ప్రాంతపు నేలలు ఇంకొకటి. ఓక్లహామా ఎర్ర గడ్డినేలలు ఈ గీతకు సరిగ్గా లొంగలేదు. వాటి పై పొరల్లో సున్నం ఉండదు, లోతుకు వెళ్తే సున్నపు గడ్డలు తగులుతాయి. తూర్పున తడి, పడమట పొడి ఉన్న రాష్ట్రంలో గీత గీయవలసిన చోటే ఈ నేలలు విస్తారంగా పరుచుకున్నాయి.

మార్బట్ 1935లో మంచూరియాలోని హార్బిన్‌లో చనిపోయాడు. ఆ ఏడాదే ఏప్రిల్ 14న ఓక్లహామా పడమటి కొసను దుమ్ము తుఫాను పట్టపగలు చీకటి చేసింది. ఆ నెల 27న నేల సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం తెచ్చిన కొత్త శాఖకు బెన్నెట్ అధిపతి అయ్యాడు. అప్పటికే గత్రీ పట్నం దగ్గర ఎర్ర మైదానాల కోత మీద ప్రయోగ కేంద్రం నడుస్తోంది. వాన నీటితో పోయే మట్టిని తొట్లలో పట్టి తూచే పని అక్కడ ఏళ్ల తరబడి సాగింది.

‘ఎర్ర ప్రెయిరీ నేలలు’ అన్న పేరు స్థిరపడింది 1938లో. అమెరికా వ్యవసాయ శాఖ ఆ ఏటి వార్షిక గ్రంథంలో బాల్డ్విన్, కెలాగ్, థోర్ప్ కలిసి కొత్త వర్గీకరణ అచ్చువేశారు. ఉత్తరాన అయోవా వైపు ప్రెయిరీ నేలలు, దక్షిణాన వాటికి జోడీగా ఎర్ర ప్రెయిరీ నేలలు. పడమట ఇంకా ఎండిన చోట చెస్ట్‌నట్ నేలలు, వాటికి దక్షిణపు జోడీగా ఎర్ర చెస్ట్‌నట్ నేలలు. పేరు చక్కగా ఉంది. రైతుకూ విద్యార్థికీ కళ్ల ముందు కనబడే పేరు. కానీ నేల గుణమంతా ప్రాంతపు వాతావరణం, గడ్డి ఇచ్చినదే అన్న సూత్రం మీద కట్టిన చట్రం అది. ఓక్లహామాలో ఎరుపులో చాలా వంతు రాతి నుంచే వచ్చింది. రాతికి చెందవలసిన ఖ్యాతి ఎండకు పోయింది.

ఎరుపు అంటే ఎంత ఎరుపు? ఈ ప్రశ్నకు జవాబు అంత తేలిగ్గా దొరకలేదు. ఒక సర్వేయరు చాక్లెట్ రంగు అంటే ఇంకొకడు ముదురు ఎరుపు అనేవాడు. 1941లో వ్యవసాయ శాఖ మట్టి రంగులకు ప్రామాణిక నమూనాలు వేసింది. ఆ కృషిలో రంగుల శాస్త్రవేత్త డొరొతీ నికర్సన్ పాత్ర పెద్దది. తర్వాత మన్సెల్ అనే రంగు బిళ్లల పుస్తకం ప్రతి సర్వేయరు సంచిలోకీ చేరింది. గోతి పని ఇలా సాగుతుంది. నిలువుకోత మీద పలుగు ఆనవాళ్లు పోయేలా కత్తిమొనతో చెక్కుతారు. రంగు మారిన చోట, గట్టిదనం మారిన చోట గీత పెడతారు. ఒక్కో పొర నుంచి చిన్న పెళ్ల తీసి విరిచి, విరిగిన ముఖాన్ని పుస్తకంలోని రంగు బిళ్ల పక్కన పెడతారు. తర్వాత నీళ్లు చిలకరించి మళ్లీ చూస్తారు, తడిస్తే రంగు ఒక మెట్టు ముదురుతుంది గనక. ఓక్లహామా పోర్ట్ నేల పై పొర తడిగా ఉన్నప్పుడు 5వైఆర్ 3/3 అన్న బిళ్లకు సరిపోతుంది. ఆ పైన మట్టిని తడిపి వేళ్ల మధ్య పట్టీలా సాగదీస్తారు. బంకమన్ను తక్కువైతే పట్టీ త్వరగా తెగుతుంది. చివర పలచని ఆమ్లం చుక్క వేస్తారు, పొంగితే సున్నం ఉన్నట్టు. వందేళ్ల వాదాలన్నీ ఆఖరికి ఈ వేళ్ల దగ్గర, ఈ చుక్క దగ్గర తేలవలసినవే.

గై స్మిత్ నాయకత్వంలో కొత్త పద్ధతి 1960లో ఏడో ముసాయిదాగా వచ్చి, 1975లో సాయిల్ టాక్సానమీ గ్రంథమైంది. నేల ఎలా పుట్టిందన్న ఊహతో కాక, గోతిలో కొలవగలిగిన గుణంతోనే పేరు పెట్టాలన్నది దాని పట్టు. గడ్డినేలలన్నీ మోలిసాల్స్ అయ్యాయి. వాటికి గుర్తు మెత్తని నల్లని పై పొర. అది సాధారణంగా 25 సెంటీమీటర్ల మందం ఉండాలి, సేంద్రియ కర్బనం కనీసం 0.6 శాతం ఉండాలి, తడిపినప్పుడు మన్సెల్ బిళ్ల పేరులోని చివరి అంకెలు రెండూ 3 దాటకూడదు. ‘ఎర్ర ప్రెయిరీ’ అన్న పేరు అంతటితో పోయింది. మెరక మీది కర్క్‌లాండ్, రెన్‌ఫ్రో మోలిసాల్స్ ఉపవర్గమైన పేలియుస్టాల్స్‌లో చేరాయి. లంకల్లోని పోర్ట్ మరో ఉపవర్గమైన హాప్లుస్టాల్స్‌లో చేరింది. వరదలు విడతలు విడతలుగా పోసిన ఒండ్రుతో దాని నల్లపొర అర మీటరు కూడా దాటుతుంది.

ఇదే గ్రంథం మన చెల్కలకూ పేరు పెట్టింది. ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం ఉన్న పటాన్‌చెరు ఎర్రనేల రోడుస్టాల్ఫ్, అంటే ఆల్ఫిసాల్ వర్గం. గ్రానైటు శిల నుంచి వచ్చిన ఆ నేలలో సేంద్రియ కర్బనం తక్కువ, నల్లపొర లేదు. అందుకని ఎరుపుకు పేరులోనే, ‘రోడ్’ అన్న ముక్కలో, చోటు దొరికింది. ఓక్లహామాలో నల్లపొర ఉంది గనక ఎరుపు పేరులోంచి తప్పుకుంది. రెండు ఎర్రనేలలను రెండు వేరు వర్గాల్లోకి పంపిన తేడాల్లో ఆ జానెడు మందం నలుపే మొదటిది.

కొత్త పద్ధతిలోని బలం ఇదే, చిక్కూ ఇదే. నల్లపొర కోతకు గురై 25 సెంటీమీటర్లు పదిహేనైతే ఆ నేల మోలిసాల్ అనిపించుకోదు. రాయి అదే, వాన అదే, పక్క చేలో గడ్డి కింద ఉన్న నేల పుట్టుక కూడా అదే, కానీ వర్గం మారిపోయింది. పటం మీద రంగు మారినప్పుడు చూసేవాడికి అక్కడ ఎప్పుడూ ఆల్ఫిసాలే ఉందనిపిస్తుంది. పోయిన మట్టి ఎక్కడికి వెళ్లిందో చూడాలంటే వాగుల్లోకి దిగాలి. మెరకల మీది ఎర్రమట్టి వరదలతో దిగి లంకల్లోని పాత నల్లపొరలను కప్పేసింది, కొన్నిచోట్ల గోతి తవ్వితే ఎర్ర ఒండ్రు అడుగున పాత పచ్చిక నలుపు బయటపడుతుంది. ఆ వరదలకు పగ్గం వేయడానికే 1944 వరద నియంత్రణ చట్టం కింద వాషిటా పరీవాహకంలో ఎగువన చిన్న చిన్న ఆనకట్టలు కట్టడం మొదలైంది. వాటిలో మొదటిది 1948లో వాషిటా కౌంటీలోని కార్డెల్ దగ్గర, క్లౌడ్ క్రీక్ మీద లేచింది. ఇప్పుడు రాష్ట్రంలో అలాంటివి రెండు వేలకు పైనే ఉన్నాయి. అదే కౌంటీలోని పోర్ట్ అనే చిన్న ఊరి పేరు మోసే ఒండ్రునేలను 1987లో ఓక్లహామా తన రాష్ట్ర నేలగా ప్రకటించింది. అది దాదాపు 10 లక్షల ఎకరాల్లో, 33 కౌంటీల్లో ఉంది.

మగ్రూడర్ మడులకు 1947లో ఒక గండం వచ్చింది. అక్కడ విద్యార్థుల వసతిగృహం కట్టాలన్నారు. ప్రయోగం ఆపడానికి మనసొప్పని శాస్త్రవేత్తలు మడుల పై మట్టిని 16 అంగుళాల లోతున తవ్వి, మైలు దూరం మోసుకెళ్లి కొత్త చోట పరిచారు. ఇప్పుడు అక్కడ గోధుమ పండుతున్నది ఆ మోసుకొచ్చిన మట్టిలోనే.

కోతకు గురైన నేలల సంగతి మాత్రం ఇంకా తెగలేదు. సర్వే పటాల్లో సిరీస్ పేరు పక్కన వాలు శాతం, ఆ తర్వాత ‘కోతకు గురైనది’ అన్న మాట చేరుస్తారు. సర్వేయర్లు నిజాయితీగా రాసిపెట్టిన మాట అది. వర్గం పేరులో మాత్రం దానికి చోటు లేదు. నేను కోరేది ఒక్కటే: నల్లపొర పోగొట్టుకున్న నేలకు పాత వర్గం పేరు కూడా పటంలో పక్కనే అచ్చువేయాలి. ఆ చేను కొనేవాడికి, కౌలుకు తీసుకునేవాడికి, బీడు వదిలి మళ్లీ బ్లూస్టెమ్ గడ్డి చల్లాలనుకునేవాడికి అక్కడ ఒకప్పుడు ఏముండేదో తెలియాలి.