బానిస పిల్లల సొంత వస్తువు: చట్టం, నవల

చారిత్రక నవలల్లో బానిస పిల్లల చేతిలో తరచు ఒక పూసో, అమ్మ చీర పేలికో కనిపిస్తుంది. దీన్ని కేవలం కరుణరస సామగ్రిగా చదివితే చాలదని మా అభిప్రాయం.

అత్తిముగం, హోసూరు ప్రాంతం బ్రిటిషు కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని సేలం జిల్లాలో ఉండేది. కంపెనీ ఏలుబడిలోని ఇతర ప్రాంతాలతోపాటు ఇక్కడా 1843 నాటి అయిదవ చట్టం వర్తించింది. బానిసపై యజమాని హక్కును కోర్టులు గుర్తించరాదని అది శాసించింది. అందులోనే మరో నిబంధన ఉంది: స్వార్జితంగా గాని, వారసత్వంగా గాని, కానుకగా గాని వచ్చిన ఆస్తిని, బానిస అన్న కారణంతో ఎవరినుంచీ తీసుకోరాదు. అంటే తల్లి ఇచ్చిన పూస చట్టరీత్యా పిల్లదే.

ఆ చట్టం చెల్లని నిజాం రాజ్యంలో ఆడబాపల వ్యవస్థ సాగింది. దొరబిడ్డ అత్తవారింటికి వెళ్లేటప్పుడు అరణంలో నగలు, పాత్రలతోపాటు ఒక ఆడపిల్లనూ ఇచ్చేవారు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో ఈ జీవితం కనిపిస్తుంది. తానే ఒక కానుకగా లెక్కకెక్కిన పిల్లకు, తనకంటూ ఎవరో ఇచ్చిన కానుక ఉండటం చిన్న విషయం కాదు. ఇచ్చిపుచ్చుకోవడం మనుషుల మధ్యే జరుగుతుంది. ఆ పూస తాను మనిషినన్నదానికి సాక్ష్యం.

కనుక నవలలో ఆ వస్తువు పోయిన ఘట్టం వచ్చినప్పుడు విద్యార్థులు కాస్త ఆగి, దాన్ని ఇచ్చినదెవరో వెతకాలి. పత్రాల్లో పేరు లేని తల్లి అక్కడ దొరుకుతుంది.