పండగ ఇంకా అయిపోలేదా? (మన చదువుల చరిత్ర – 7)



ఈ వారం రాత్రి బడుల గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారం. మొన్న నా క్లాసులో నేనొక తప్పు చేశాను. దాని గురించి రాయకుండా ముందుకు పోలేకపోతున్నాను.

నేను పాఠం చెప్పేది పల్నాడులో ఒక డిగ్రీ కాలేజీలో. సంక్రాంతి సెలవులయ్యాక కాలేజీ తెరిచేసరికి మా వైపు మిరపకోతలు ఊపందుకుంటాయి. హాజరు పిలుస్తుంటే కొన్ని పేర్లకు జవాబు రాదు. అవి ఏ పేర్లో, ఏ పేటల నుంచి వచ్చే పిల్లలవో మీకు నేను చెప్పక్కర్లేదు.

తొమ్మిదో రోజున రెండో సంవత్సరం కుర్రాడొకడు తలుపు దగ్గర నిలబడ్డాడు. రిజిస్టర్లోంచి తలెత్తకుండానే అన్నాను: "ఏంరా, పండగ ఇంకా అయిపోలేదా?"

క్లాసు నవ్వింది. వాడూ నవ్వి, వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. నోట్సు చెప్తూ అటు చూశాను. వేళ్ళ కొసలు తగలకుండా పెన్ను పట్టుకుని రాస్తున్నాడు. మిరపకాయలు కోసిన చేతికి ఆ మంట రోజుల తరబడి పోదు. అన్నం కలుపుకున్నా మండుతుంది, కన్ను నలుపుకున్నా మండుతుంది. ఆ పట్టు నాకు తెలుసు.

ఎందుకంటే పదిహేడేళ్ళ కిందట అదే తలుపు దగ్గర నేనూ నిలబడ్డాను. కాలేజీ వేరు, తలుపు ఒకటే. ఆ ఏడు మా నాయన కాలు విరిగి మంచంలో ఉన్నాడు. అమ్మా నేనూ కోతలకు పోయాం, తర్వాత కల్లంలో తాలుకాయలు ఏరాం. ఇరవై రెండు రోజులు ఆలస్యంగా కాలేజీకి పోయాను. మా లెక్చరర్ అడిగిన మాట కూడా ఇదే, అక్షరం తేడా లేదు. ఆ ఏడాది హాజరు డెబ్బై అయిదు శాతం లేదని కండొనేషన్ ఫీజు కట్టించుకున్నారు. కోతల్లో వచ్చిన కూలి కొంత అట్లా కాలేజీకే పోయింది. రానందుకు జరిమానా కట్టాను. ఆ డబ్బు రాకపోబట్టే దొరికింది.

ఆ మాట ఇన్నేళ్ళు నాలో దాక్కుని, నా నోటి నుంచే బయటికొచ్చింది. డాక్టరేటు వచ్చింది, కుర్చీ వచ్చింది, కుర్చీతోపాటు ఆ మాట కూడా వచ్చిందన్నమాట.

ఆ రాత్రి ధనంజయ్ కీర్ రాసిన అంబేద్కర్ జీవిత చరిత్ర మళ్ళీ తెరిచాను. బాబాసాహెబ్ కొలంబియా చదువు గురించి మనం చాలా చెప్పుకుంటాం. డిగ్రీల జాబితా పోస్టర్ల మీద వేస్తాం. ఆ జాబితా మధ్యలో ఉన్న మూడేళ్ళ ఖాళీ గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం.

బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన 1913లో న్యూయార్క్ వెళ్ళారు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు మధ్యలో ఆపేసి ఓడ ఎక్కాల్సి వచ్చింది. కోతలు కాదు గానీ కారణం అదే: డబ్బు.

ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరారు. ఆ ఊళ్ళో ఆయనకు గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. వారం గడువు అడిగినా ఇవ్వలేదు. ఎక్కడా చోటు దొరక్క, ఒక తోటలో కూర్చుని రాత్రి బొంబాయి రైలెక్కారు. ఇది ఆయనే రాసుకున్న సంగతి.

1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ స్టాఫ్‌రూం కుండలో నీళ్ళు తాగొద్దని తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం పెట్టారు. కాపురం పరేల్‌లో, కార్మికులుండే చాల్‌లో. జీతంలో మిగిల్చారు. మిత్రుడు నావల్ భతేనా దగ్గర అయిదు వేలు అప్పు తీసుకున్నారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ కొంత సాయం చేశారు. 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. రాత్రిళ్ళు అప్పడాలతో ఆకలి తీర్చుకుంటూ చదివారు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ.

మూడేళ్ళ తర్వాత కాలేజీకి తిరిగొచ్చిన విద్యార్థి ఆయన. అయితే లండన్ తలుపు మూడేళ్ళు ఎట్లా తెరిచి ఉంది? 1917లో వెళ్ళేముందు ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్ సిఫార్సు మీద యూనివర్సిటీ ఒక అనుమతి ఇచ్చింది: అక్టోబర్ నుంచి నాలుగేళ్ళ లోపు ఎప్పుడైనా వచ్చి చదువు కొనసాగించొచ్చని. ఆయన కష్టం ఆయనదే, దాన్ని ఎవరూ పంచుకోలేరు. కానీ ఆ అనుమతి లేకపోతే ఆ కష్టం ఏ తలుపు తట్టాలి?

ఇక్కడ ఆగి నా రిజిస్టర్ వంక చూసుకున్నాను.

బాబాసాహెబ్ దీన్ని తన ఒక్కడి కష్టంగా మిగల్చలేదు. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడవగానే షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద వినతిపత్రం ఇచ్చి, ఉన్నత చదువులకు ప్రభుత్వ డబ్బు అడిగారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. మీరు ఈరోజు రెన్యువల్ కోసం మీసేవ చుట్టూ, సచివాలయం చుట్టూ తిరుగుతున్నారే, దాని మూలం అక్కడుంది. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టి, ఉద్యోగం చేసుకునే పిల్లల కోసం పొద్దున్నే తరగతులు నడిపించారు. విద్యార్థి వీలును బట్టి కాలేజీ వేళలు మార్చారు.

ఇక జనవరి అంటే మనం మర్చిపోలేని తేదీ ఉంది. 2016లో సంక్రాంతి 15న వచ్చింది. పండక్కి ఊళ్ళకు పోయిన పిల్లలు తిరిగి తమ తమ హాస్టళ్ళకు చేరే ఆదివారం, 17న, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మనల్ని వదిలి వెళ్ళిపోయాడు. హాస్టల్ నుంచి బహిష్కరణకు గురైన అయిదుగురిలో ఆయనొకడు. క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్‌లో వాళ్ళు వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని రోహిత్ తన ఆఖరి ఉత్తరంలో రాశాడు. గది లేదు, డబ్బు లేదు. 1917 బరోడాకూ 2016 హైదరాబాద్‌కూ మధ్య దాదాపు వందేళ్ళు. లేనివి అవే రెండు.

మన పిల్లలు సెలవుల తర్వాత కాలేజీకి రావడం దానంతట అది జరిగే పని కాదు. దారి ఖర్చు, గది, స్కాలర్‌షిప్, వీటికి తోడు కాలేజీలో ఎవరో ఒకరు తలుపు తెరిచి పట్టుకోవడం, ఇవన్నీ కలిస్తేనే ఆ రాక. ఆలస్యంగా వచ్చినవాడు ఎంత దూరం దాటి వచ్చాడో అడగాలి. పండగ గురించి కాదు.

మర్నాడు ఆ కుర్రాడిని స్టాఫ్‌రూంకి పిలిచి, "నిన్న నేనన్నది తప్పురా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పర్లేదు మేడం. ఇంకో రెండు కోతలున్నాయి, మళ్ళీ పోవాల్సొస్తది. ముందే చెప్తున్నా" అన్నాడు.

వాడి తరఫున, వాడిలాంటి మిగతా పిల్లల తరఫున కండొనేషన్ ఫీజు మినహాయించమని ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాసిచ్చాను. ఏమవుతుందో చూడాలి.

విద్యార్థి మిత్రులారా, మీ క్లాసులో పండగ తర్వాత రాని పేర్లు ఈ రోజే రాసుకోండి. ఫోన్ చేయండి. నోట్సు ఫొటోలు తీసి పంపండి. స్కాలర్‌షిప్ వేలిముద్రల తేదీ, పరీక్ష ఫీజు ఆఖరు తేదీ వాళ్ళకు చేరేలా చూడండి. సంఘాల్లో పనిచేసేవాళ్ళు ఏప్రిల్ జయంతి కమిటీలు వేసేలోపు ఈ జాబితాలు వేయండి. నాలాంటి లెక్చరర్లు నోరు అదుపులో పెట్టుకుని, కలం బయటికి తీయండి.

మా క్లాసులో ఇంకా ముగ్గురు రాలేదు. ఇద్దరు ఫోన్ ఎత్తారు, ఈ వారం వస్తామన్నారు. మూడో అమ్మాయి ఫోన్ స్విచాఫ్ వస్తోంది. ఆదివారం వాళ్ళ ఊరు పోతున్నాను.

జై భీమ్.